వెండిపూత వేసిన రేకులు

మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్ ఎండ నెత్తిన నిప్పులు పోస్తుంటే, వేడి కొలిచే యంత్రం ముల్లు పదిహేడు డిగ్రీల దగ్గర ఆగింది. లీలావతి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పదిహేడే. బెంగుళూరు పొలిమేరలో కాడుగోడి రైలు గేటు దాటాక ఉన్న ఆ బట్టల మిల్లులో, నీళ్ళ ట్యాంకు మీద నిలబడి కింద కూలీల ఇళ్ళ లైన్లకేసి దాని గొట్టం గురిపెడితే, ఆ రేకుల కప్పులు పొద్దున్నే బావిలో తోడిన నీళ్ళకంటే చల్లగా ఉన్నాయంటోంది యంత్రం. చెయ్యి పొరపాటున ట్యాంకు ఇనుప చువ్వకు తగిలితే చుర్రుమంది. గాలినిండా కొత్త పెయింటు కంపు.

ఆ కంపు ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఆ మిల్లుకొక అలవాటుంది. బయటివాళ్ళెవరు వస్తున్నారన్నా సరే, వాళ్ళ కంటికి ఆనే ప్రతిదానికీ పూత పూసేస్తారు. ఇన్‌స్పెక్టరు వస్తే గేటుకు రంగు, యజమాని వస్తే చెట్ల మొదళ్ళకు సున్నం. కప్పుల వేడి కొలవడానికి ఎవరో సైంటిస్టులు వస్తారనీ, ట్యాంకెక్కి పైనుంచి చూస్తారనీ తెలియగానే, మేనేజరు వెంకటేశప్ప చిక్కపేట బజారుకు లారీ పంపి డబ్బాలకు డబ్బాలు వెండి పెయింటు తెప్పించాడు. లైన్లలోని రేకులన్నిటికీ పైవైపు తళతళలాడేలా కొట్టించాడు. ఆయనకు యంత్రం సంగతీ తెలియదు, మన్నూ తెలియదు. పైనుంచి చూస్తారు గనక పైన మెరవాలి, అంతే ఆయన లెక్క. లోపలివైపు చూసే నాథుడు లేడు గనక లోపల బ్రష్షు తాకించలేదు. అక్కడ ఏళ్ళ తరబడి పట్టిన తుప్పూ, పొయ్యి పొగా అట్లాగే ఉన్నాయి.

ఆ లైన్ల చివర ఉన్న పొడుగాటి రేకుల గది కాన్పుల వార్డు. లీలావతి పిన్ని సుగుణమ్మ అక్కడ నర్సు. నెల్లూరు నుంచి వచ్చి, మిషన్ ఆసుపత్రిలో చదువుకుని, పదేళ్ళుగా ఆ మిల్లు ఆడవాళ్ళ కాన్పులన్నీ చేస్తున్న మనిషి. లీలావతి ఆ పిన్ని ఇంట్లోనే ఉంటూ, ఊళ్ళో ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పరిశోధకురాలిగా పనిచేస్తోంది. మార్చి మొదలైందంటే చాలు, ఆ వార్డు నుంచి వచ్చే వాసన ఆమెకు అన్నం తింటున్నా ముక్కులోనే ఉంటుంది. చెమట, పులిసిన పాలు, డెట్టాలు, ఉడికిపోతున్న రక్తపు గుడ్డలు. పుట్టిన రెండు రోజులకే పిల్లల ఒళ్ళంతా పొక్కులు లేస్తాయి. పెదవులు ఎండిపోతాయి, జ్వరం వస్తుంది. సుగుణమ్మ రోజంతా తడిగుడ్డలు మారుస్తూనే ఉంటుంది. పోయిన ఏడాది ఏప్రిల్లో గౌరమ్మ అనే మగ్గంపని ఆమెకు అక్కడే మగబిడ్డ పుట్టి, వారం తిరక్కుండా ఆ జ్వరంతోనే పోయాడు. ఇప్పుడు గౌరమ్మకు మళ్ళీ నెలలు నిండాయి.

అందుకే లైన్లలో ఆడవాళ్ళందరూ ఈసారి ఒకే ఒక్కటి అడిగారు. జీతాలు కాదు, సెలవులు కాదు. వార్డు మీద రేకులు తీసి మంగళూరు పెంకులు వెయ్యండి, లోపల చెక్క కప్పు కొట్టించండి, అన్నారు. వెంకటేశప్ప నవ్వాడట. బెంగుళూరులో వేడేమిటమ్మా, జనం ఇక్కడికి చల్లదనానికి వస్తారు, అన్నాడట. వాళ్ళు పట్టు వదలకపోయేసరికి, సరే, సైన్సు వాళ్ళనే పిలిపిస్తాను, వాళ్ళు ఏం చెబితే అదే, అని మాట ఇచ్చాడు. ఆ సైన్సు వాళ్ళు లీలావతి ప్రయోగశాల వాళ్ళే కావడంతో ఆమె ఎంత సంబరపడిందో చెప్పలేం. పిన్నితో, ఇంక పెంకులు పడ్డట్టే అనుకో, అని కూడా అనేసింది.

ఇప్పుడు ముల్లు పదిహేడు దగ్గర కూర్చుని వెక్కిరిస్తోంది. గొట్టాన్ని తిప్పి తోటలో ఉన్న మేనేజరు బంగళా పెంకులకు గురిపెడితే నలభై ఆరు. అంటే మేనేజరు ఇంటికంటే కూలీల లైన్లే చల్లన.

ఆమె పక్కనే ఆమె గురువు డాక్టర్ జయరామప్ప నిలబడి, చూపిన అంకెలన్నీ రాసుకుంటున్నాడు. అమెరికా నుంచి ఆ రేడియోమీటరు యంత్రాన్ని తెప్పించింది ఆయనే. ఆయన పుట్టిందీ పెరిగిందీ బెంగుళూరులోనే, ఇంట్లో మాట తెలుగే. లీలావతికి ఈ విద్య అక్షరం అక్షరం నేర్పింది కూడా ఆయనే.

విద్య పెద్ద చిక్కైనదేమీ కాదు. ఏ కాస్త వేడి ఉన్నా సరే, ప్రతి వస్తువూ కంటికి కనపడని ఒక వెలుగును వదులుతూనే ఉంటుంది. రాయి, గోడ, ఆకు, మనిషి ఒళ్ళు, అన్నీ. ఆ వెలుగును దూరం నుంచి అందుకుని, అది ఎంత వేడిగా ఉందో ముట్టుకోకుండా చెప్పడం యంత్రం పని. అయితే ఒకే వేడిలో ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేలా వదలవు. మసి ఏదీ దాచుకోదు, ఉన్నదంతా వదిలేస్తుంది. పెంకు, మట్టి, మనిషి చర్మం కూడా దాదాపు అంతే. మెరిసే లోహం మాత్రం మహా పిసినారి. తనది కొంచెమే వదిలి, ఎదురుగా ఏముంటే దాన్ని అద్దంలా తిప్పి పంపుతుంది. కప్పుకు ఎదురుగా ఉండేది ఆకాశం. మబ్బులేని ఆకాశం ఈ వెలుగులో చూస్తే మంచుగడ్డకంటే చల్లన. ఆ ట్యాంకు మీది నుంచి యంత్రం చూసిందంతా చాలావరకు వెండిపూతలో పడ్డ ఆకాశమే.

మొదటి సంవత్సరం క్లాసులో జయరామప్ప ఒక ఇత్తడి చెంబు తెచ్చి, సగం తళతళా తోమించి, సగం మసి పూసి, అందులో మరిగే నీళ్ళు పోసి చూపించేవాడు. ఒకటే చెంబు, ఒకటే నీళ్ళు. మసి వైపు యంత్రం పెడితే నిప్పు, తోమిన వైపు పెడితే చల్లన. వస్తువు ఎలాంటిదో తెలియకుండా అంకెను నమ్మినవాడు సైంటిస్టు కాడు, అని బల్ల గుద్ది చెప్పేవాడు. ఆ మనిషే ఇప్పుడు పదిహేడు అని అందంగా, గుండ్రంగా రాసుకుంటున్నాడు.

సార్, ఇది పెయింటు వల్ల వచ్చిన అంకె, దీన్ని ఇట్లా రాయకూడదు కదా, అంది లీలావతి. ఆయన తలెత్తలేదు. తెలుసమ్మా, అన్నాడు. తెలుసట. తెలియక చేస్తే సరిదిద్దొచ్చు, తెలిసి చేసేవాడిని ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు.

మర్నాడు ఆయన లేకుండానే ఆమె యంత్రం తీసుకుని లైన్లకు వెళ్ళింది. విషయం చెబితే గౌరమ్మ ఆ నిండు పొట్టతోనే ఇల్లిల్లూ తిరిగి, కుండల అడుగులు గీకించి మసి పోగుచేయించింది. ఒకామె నువ్వుల నూనె తెచ్చింది. రెండూ కలిపి, లీలావతి చీర దోపుకుని నిచ్చెనెక్కి, వార్డు కప్పు మీద తలుపంత మేర నల్లగా పూసింది. మోకాళ్ళు కాలి ఎర్రబడ్డాయి. మధ్యాహ్నం ట్యాంకెక్కి ఆ నల్లటి మేరకు గొట్టం గురిపెడితే ముల్లు ఎగిరి యాభై ఎనిమిది దగ్గర నిలబడింది. మసి ఎండను కాస్త ఎక్కువ పీల్చుకుంటుందని ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని, దాని మీద కాసేపు గోనెపట్టా నీడ కట్టించి, తీసిన మరుక్షణమే మళ్ళీ కొలిచింది. అయినా యాభైకి తగ్గలేదు. ఇంతకూ ఆ పూత మాయ పైవైపే. లోపలి తుప్పూ మసీ ఉన్న వేడినంతా దాచుకోకుండా కిందికి, పసిబిడ్డల మీదికి కుమ్మరిస్తాయి. పైకి చల్లగా కనిపిస్తూ కింద కాల్చే కప్పు అది.

ఆ అంకెలు పట్టుకుని పరుగున ప్రయోగశాలకు వెళితే, జయరామప్ప తలుపు వేసి ఆమెను కూర్చోమన్నాడు. గొంతు తగ్గించి, తేనె పూసిన మాటలు మొదలుపెట్టాడు. మిల్లు యజమానికి సొంతంగా చిన్న విమానం ఉందట. ఈ కొలత పని సవ్యంగా ముగిస్తే, చలికాలమంతా దాన్ని ప్రయోగశాలకు వాడుకోనిస్తాడట. యంత్రాన్ని దాని పొట్టకు బిగించి, చెరువులనూ పొలాలనూ ఊళ్ళనూ ఆకాశం నుంచి వేడిని బట్టి చదవొచ్చట. దేశంలో ఇంతవరకు ఎవరూ చెయ్యలేదట.

"పైలటు కాకుండా రెండు సీట్లు ఉండాయి అందులో. ఒకటి నాది, రెండోది నీది. ఒక రేకుల గది కోసరం దీన్ని పాడుచేసుకుంటావా, చెప్పు."

లీలావతికి ఆ విమానం మీద ఆశ లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ఆ పని కోసమే ఆమె పెళ్ళి సంబంధాలు కూడా కాదనుకుంది. కానీ ఆ మాట ఆయన నోట్లోంచి వస్తుంటే, తినే అన్నంలో ఎవరో ఉమ్మినట్టనిపించింది. ఆమె అంకెల కాగితం ఆయన బల్ల మీద పెట్టి లేచి వచ్చేసింది.

శనివారం మిల్లు క్యాంటీన్లో అందరినీ కూర్చోబెట్టి ఫలితం చెప్పారు. వెంకటేశప్ప ముందువరసలో తమలపాకులు నములుతూ, పళ్ళికిలిస్తూ కూర్చున్నాడు. జయరామప్ప లేచి, అబద్ధం ఒక్కటీ ఆడకుండా, యంత్రం చూపిన అంకెలు చదివాడు. లైన్ల కప్పులు పదిహేడు. వార్డు కప్పు పదిహేడు. మేనేజరు బంగళా పెంకులు నలభై ఆరు. చదివి, అంకెలు మీ ముందున్నాయి అన్నట్టు చేతులు దులుపుకుని కూర్చున్నాడు.

వెంకటేశప్ప లేచి నిలబడ్డాడు. "చూడండమ్మా, విన్నారు కదా. యంత్రానికి మనమంటే ప్రేమా లేదు, పగా లేదు. మా ఇంటికన్నా మీ వార్డే చల్లగా ఉండాదంట. ఇంక పెంకులెందుకు?"

లీలావతి ఉండబట్టలేక లేచింది. ఆ అంకె పెయింటుది, రేకుది కాదు, మసి పూసి కొలిస్తే యాభై ఎనిమిది వచ్చింది, అని గట్టిగానే చెప్పింది. హాలంతా కలకలం రేగింది. అందరి కళ్ళూ జయరామప్ప మీదికి తిరిగాయి. ఆయన కుర్చీలోంచి కదలకుండా, జాలిపడుతున్నట్టు చిన్నగా నవ్వాడు.

"కొత్త పిల్ల, ఆవేశం జాస్తి. నల్లటి మసి పూస్తే ఏదైనా వేడిగానే కనిపిస్తాది. అది కొలత కాదు, కనికట్టు."

ఛీ. ఇత్తడి చెంబు పట్టుకుని పాఠం చెప్పిన నోరు అది. ఒక పెద్దమనిషి తన చదువును తానే, అందరూ చూస్తుండగా, చెప్పుకింద వేసి తొక్కడం లీలావతి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. తరువాత ఆమె ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది. ఆడవాళ్ళు తలలు వంచుకుని లేచిపోయారు. గౌరమ్మ మాత్రం తలుపు దగ్గర ఆగి, మేనేజరు ఇల్లు ఎంతన్నారు మేడమ్, అని మళ్ళీ అడిగి తెలుసుకుని వెళ్ళింది.

వారం తిరక్కుండానే, పట్టపగలు పదకొండు దాటాక, గౌరమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజు లీలావతి ప్రయోగశాలకు వెళ్ళలేదు. నిజానికి క్యాంటీన్ సభ తరువాత ఆమె అటువైపే పోలేదు. పిన్నికి సాయంగా వార్డులో వేణ్ణీళ్ళు కాస్తోంది. లోపల రేకుల కింద నిలబడితే మాడు మీద పెనం బోర్లించినట్టుంది. మంచాల మీద అప్పటికే ఇద్దరు బాలింతలు, పొక్కులు లేచిన బిడ్డల్ని ఒళ్ళో వేసుకుని విసురుకుంటున్నారు. గౌరమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, అడుగు వెయ్యకుండా ఆగిపోయింది. సుగుణమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. రావే తల్లీ, నొప్పులు దగ్గర పడుతున్నాయి, అంది. గౌరమ్మ చెయ్యి విడిపించుకుంది.

"నేను ఈడికి రాను నర్సమ్మా. మేనేజరయ్య ఇల్లే వేడి అన్నారు గదా, నేను వేడికి అలవాటుపడిన దాన్ని. ఆడికే పోతా. ఈ చల్లనిది ఆయప్పనే పెట్టుకోమను."

పిచ్చా నీకు, అంది సుగుణమ్మ. లీలావతి పొయ్యి దగ్గర నుంచి లేచి, పిన్నీ, నడువు, అంది. సుగుణమ్మ ఒక్క క్షణం అక్క కూతురి ముఖంలోకి చూసింది. ప్రభువా, అని గొణుక్కుని, కత్తెరా దారమూ ఉన్న పెట్టె చంకన పెట్టుకుంది. బాలింతలిద్దరూ కూడా బిడ్డల్ని ఎత్తుకుని లేచారు. లైన్లలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే వెనక చేరారు. గౌరమ్మ నొప్పి వచ్చినప్పుడల్లా ఎవరి భుజమో పట్టుకుని నిలబడుతూ, తగ్గాక నడుస్తూ, తోట గేటు తోసుకుని బంగళా వరండా ఎక్కింది. వాచ్‌మన్ అడ్డం రాబోయి, ఆమె పరిస్థితి చూసి పక్కకు తప్పుకున్నాడు.

పెంకుల కింద ఎర్రటి గచ్చు చల్లగా ఉంది. గౌరమ్మ ఆ గచ్చు మీద వాలి, చెంప ఆనించి, హమ్మయ్య అంది. ఆడవాళ్ళు చీరలు తెరగా కట్టారు. మేనేజరు భార్య తలుపు తెరిచి, చూసి, ఠక్కున మూసేసి గడియ పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మేనేజరు కారు వచ్చింది. భోజనానికి పిలిచాడేమో, పక్కన జయరామప్ప కూడా ఉన్నాడు. వెంకటేశప్ప కారు దిగి, తన వరండాలో చీరల తెరా, ఆడవాళ్ళ గుంపూ చూసి, ముందు అర్థంకాక, తరువాత అర్థమై, ముఖం కందగడ్డ చేసుకున్నాడు. ఎవరిదీ పని, లేవండి, వార్డుకు పొండి, అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. లీలావతి మెట్ల మీదికి వచ్చి ఆయన్ను వదిలేసి జయరామప్ప ఎదుట నిలబడింది.

"సార్, వార్డు చల్లన, ఈ ఇల్లు వేడి అన్నది మీరు. ఆ మాటే ఇప్పుడు లోపలున్న మనిషితో ఒక్కసారి చెప్పండి. మీరు చెబితే ఇక్కడి నుంచి లేచి వెళుతుంది."

తెర వెనక నుంచి గౌరమ్మ మూలుగు వినిపించింది. జయరామప్ప జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు, రక్తం వాసన పడనట్టు. గడియారం చూసుకున్నాడు. తరువాత లీలావతి దగ్గరగా వంగి, మెల్లగా, ఇదంతా మరిచిపోదాం, విమానం ఖాయమైంది, నీ సీటు నీకే ఉంది, అన్నాడు.

"వద్దు సార్. మీ పక్కన కూర్చుంటే నాకు వాంతి వస్తుంది."

ఆ మాట ఆమె గొంతు పెంచి అనలేదు గానీ మెట్ల కిందున్న డ్రైవరుకు కూడా వినపడింది. జయరామప్ప వెనక్కి తిరిగి కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అదే సమయానికి తెర వెనక బిడ్డ ఏడ్చింది. మంచి గట్టి ఏడుపు. ఆడవాళ్ళ గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆడపిల్ల, అని లోపల నుంచి సుగుణమ్మ కేక వేసింది.

వెంకటేశప్ప ముఖంలో సంతోషం వెతకడం దండగ. ఆయన చూపంతా తెర కింద నుంచి పారి, మెరిసే గచ్చు మీదుగా మెట్ల దాకా వచ్చిన ఎర్రటి నీటి ధార మీద ఉంది. అది చెప్పుకు తగలబోతే ఎగిరి వెనక్కి దూకాడు. కాండ్రించి తోటలో ఉమ్మాడు. కొలతలప్పుడు లేని కంగారు, పోయిన ఏడాది బిడ్డ పోయినప్పుడు లేని కంగారు, ఇప్పుడు ఆయనకు పట్టుకుంది. వాచ్‌మన్‌ను పిలిచి ఫినాయిల్ తెమ్మన్నాడు, పురోహితుడికి కబురు పెట్టమన్నాడు. అక్కడే నిలబడి, అందరికీ, లోపల భార్యకు కూడా వినపడేలా అరిచాడు.

"రేపటికల్లా ఆ వార్డుకు పెంకులు ఏయించండి. ఎంతైనా కానీ. ఈ మైల మళ్ళా నా గడప తొక్కేదానికి లేదు."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గెలిచామన్న సంగతి వాళ్ళకు కాసేపటికి గానీ ఎక్కలేదు. తరువాత ఒకామె నవ్వింది, ఇంకొకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లీలావతికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తెర పక్కకు తీసి లోపలికి వెళ్ళి గౌరమ్మ దగ్గర కూర్చుంది. గౌరమ్మ బిడ్డను పొట్ట మీద పడుకోబెట్టుకుని, పైన పెంకులకేసి చూస్తోంది. బయట అరిచినదంతా విన్నట్టుంది.

"మా బిడ్డలు కాలిపోతా ఉండారంటే వినలేదు మేడమ్. వాళ్ళ ఇల్లు మైలపడిందంటే విన్నాడు."

మెట్ల దగ్గర వాచ్‌మన్ అప్పుడే ఫినాయిల్ బకెట్టు బోర్లించాడు. ఆ ఘాటు తగిలి పసిది తుమ్మితే, లీలావతి దాని ముఖానికి తన కొంగు అడ్డం పెట్టింది.